నానో యూరియా సీసా ఒక బస్తాకు సమానమా? నానో ఫిల్టర్‌తో ఫ్లోరైడ్ పోతుందా?

నల్గొండ జిల్లా హాలియా దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద ఐదెకరాల వరి, కాలువ ఎక్కని చెల్కలో మూడెకరాల పత్తి చేస్తున్న తమ్ముడు మూడు సంగతులు అడిగాడు. దుకాణంలో రెండు బస్తాల యూరియా కావాలంటే ఒక నానో యూరియా సీసా తీసుకోవాల్సిందే అంటున్నారట. సీసా ఒకటి బస్తా ఒకటితో సమానం అంటున్నారు, నిజమా? ఊళ్ళోకి వచ్చిన ఒకాయన నానో ఫిల్టర్ బిగిస్తే బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ పోతుందంటున్నాడు, నమ్మొచ్చా? ఇవన్నీ చూస్తే అసలు నానో టెక్నాలజీ అనేదే ఉత్త మాటా?

సూటిగా చెప్తాను. నానో యూరియా సీసా యూరియా బస్తాకు సమానం కాదు. పొలంలో పడాల్సిన యూరియాను దాన్ని నమ్మి తగ్గించకండి. చేతిలో ఇమిడే నానో ఫిల్టర్ మీ బోరు ఫ్లోరైడ్‌ను కొన్ని రోజులే ఆపగలదు. నానో టెక్నాలజీ మాత్రం నిజమైన శాస్త్రమే. ఈ మూడు మాటలూ ఒకదానికొకటి అడ్డం రావు. ఎందుకో లెక్కతో చూద్దాం.

ముందు యూరియా. ఒక బస్తా 45 కిలోలు. అందులో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో 2021లో తెచ్చిన నానో యూరియా సీసా 500 మి.లీ., నత్రజని 4 శాతం. అంటే సీసా మొత్తంలో ఉన్నది 20 గ్రాములు. కిలోలు కాదు, గ్రాములు. తేడా వెయ్యి రెట్లు. తర్వాత వచ్చిన నానో యూరియా ప్లస్‌లో శాతం పెంచారు. దాని మీద 16 శాతం అని ఉంటుంది, అది బరువు లెక్క. ఘనపరిమాణం లెక్కలో 20 శాతం, కాబట్టి సీసాలో 100 గ్రాములు. తేడా రెండువందల రెట్లకు దిగింది, అంతే. మీకిచ్చిన సీసా ఏదో లేబుల్ మీద చూసుకోండి.

దీనికి దుకాణదారు చెప్పే జవాబు ఒకటుంది: "బస్తాలో సగానికి పైగా వృథా పోతుంది, సీసాలోది మొత్తం ఒంటబడుతుంది." మొదటి సగం నిజం. వరి మడిలో చల్లిన యూరియాలో పైరుకు అందేది మామూలుగా 30 నుంచి 40 శాతమే. మిగతాది ఆవిరై, గాలిలో కలిసి, నీళ్ళతో దిగిపోతుంది. అంత నష్టం పోయినా బస్తా నుంచి పైరుకు చేరేది 6 నుంచి 8 కిలోల నత్రజని. సీసాలోది ఒక్క చుక్క వృథా కాకుండా నూటికి నూరు పాళ్ళు ఎక్కిందనుకున్నా 20 గ్రాములే. లేనిది ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకో వైపు నుంచి చూడండి. ఎకరాకు 25 క్వింటాళ్ళ వడ్లు వచ్చాయనుకుందాం. వడ్లలో నత్రజని సుమారు 1.2 శాతం ఉంటుంది (గింజలోని ప్రోటీన్ అంతా దీనితో తయారైనదే). అంటే కాంటా వేసి మార్కెట్‌కు పంపే వడ్లతో పాటే పొలం నుంచి 30 కిలోల నత్రజని వెళ్ళిపోతుంది. గడ్డిలో పోయేది వేరే. ఆ లెక్కన ఒక మామూలు నానో సీసాలో ఉన్న నత్రజని కిలోన్నరకు కాస్త పైన వడ్ల గింజలకు సరిపోతుంది. నత్రజని సైజు ఎంత తగ్గినా గింజకు కావాల్సిన తూకం తగ్గదు.

సైజు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. నానో అంటే 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య సైజు. తల వెంట్రుక మందం 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు. నానో యూరియా రేణువు 20 నుంచి 50 నానోమీటర్లని చెప్తారు. వినడానికి ఎంతో చిన్నది. కానీ మామూలు యూరియా నీళ్ళలో వేస్తే పంచదారలా కరిగిపోతుంది, లీటరుకు కిలో దాకా కరుగుతుంది. కరిగిన తర్వాత ఉండేది విడివిడి అణువులే. ఒక్కో అణువు ఒక నానోమీటరు కంటే చిన్నది. అంటే బకెట్లో కలిపిన మామూలు యూరియా ద్రావణం నానో రేణువు కంటే ఎప్పుడూ సన్నగానే ఉంటుంది. ఆకు పైన మైనపు పొరలో ఉండే సందులు కొద్ది నానోమీటర్లే. అందులోంచి యూరియా అణువు సులువుగా దూరుతుంది. 20 నానోమీటర్ల రేణువుకు ఆ దారి ఇరుకు, దానికి పత్రరంధ్రాలే దిక్కు. "చిన్నది కాబట్టి బాగా ఎక్కుతుంది" అనే మాట ఈ ఒక్క సంగతితోనే తేలిపోతుంది.

పొలంలో చేసి చూసిన లెక్కలూ ఉన్నాయి. లుధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020-21, 2021-22లో రెండేళ్ళు పరీక్షించారు. నేలలో వేసే నత్రజనిని సగానికి తగ్గించి నానో యూరియా రెండుసార్లు పిచికారీ చేస్తే, మొత్తం యూరియా వేసిన మడితో పోలిస్తే వరి దిగుబడి 13 శాతం, గోధుమ 21.6 శాతం తగ్గింది. గింజలో ప్రోటీన్ కూడా తగ్గింది. ఆ తర్వాత కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కూడా ఈ ప్రచారానికి సరైన శాస్త్రీయ ఆధారం లేదని పరిశోధన పత్రం రాశారు.

మరి నానో యూరియా కొట్టి చూపించే డెమో మడిలో పైరు పచ్చగా ఎందుకుంది?

ఇది చాలామంది నిజాయితీగా అడిగే ప్రశ్న. ఆ మడి చూసినవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. చూసినది నిజం, దానికి చెప్పుకున్న కారణం తప్పు.

డెమోలో ఆపేది సాధారణంగా చివరి దఫా యూరియా మాత్రమే. అడుగుపిండి (దమ్ములో వేసే మొదటి ఎరువు), పిలకల దశలో వేసే దఫా అలాగే ఉంటాయి. సీసా పైన కూడా మొదటి మోతాదు తగ్గించవద్దనే ఉంటుంది. ఇక మన ఆయకట్టులో సంగతి చూడండి. విశ్వవిద్యాలయం సిఫారసు వానకాలం వరికి ఎకరాకు 40 నుంచి 48 కిలోల నత్రజని. చాలామంది ఎకరాకు మూడు, నాలుగు బస్తాల యూరియా పోస్తున్నారు, డీఏపీలో (నత్రజని, భాస్వరం రెండూ ఉండే ఎరువు) వచ్చేది కాక. అంత పోసిన మడిలో చివరి బస్తా ఆపితే ఏ నష్టమూ కనపడదు. సీసా చల్లినా, ఉత్త నీళ్ళు చల్లినా, ఏమీ చల్లకపోయినా అదే పంట వస్తుంది. ఎక్కువ పోసిన చోట చివరి దఫా ఆపడం మంచిదే, మెడవిరుపు తెగులు, దోమ కూడా తగ్గుతాయి. ఆ పేరు సీసాకు పోతోంది.

డెమోలో లేనిది ఒకటే, చివరి దఫా ఆపి ఏమీ చల్లకుండా వదిలిన మడి. అది పక్కన లేకపోతే ఏ పోలికకూ అర్థం లేదు. ఎవరైనా డెమో చూపిస్తే మొదట ఆ మడి ఎక్కడని అడగండి.

ఆకు రంగు చూసి మోసపోవడం ఇంకో చిక్కు. ఏ పిచికారీ చేసినా మూడు నాలుగు రోజులకు ఆకు కాస్త పచ్చబడొచ్చు. రంగుకూ దిగుబడికీ మధ్య ఇంకా రెండు నెలలుంటాయి. కాంటా వేసినప్పటి తూకం ఒక్కటే లెక్క.

మీ పొలంలోనే తేల్చుకోవాలనుంటే ఒకే నేల, ఒకే నీటి పారుదల ఉన్న మడిలో ఐదేసి గుంటలు నాలుగు ముక్కలు చేసుకోండి. మధ్యన గట్టు గట్టిగా వేయాలి, లేకపోతే ఒక ముక్కలో చల్లిన యూరియా నీళ్ళతో పక్క ముక్కలోకి పోతుంది. అడుగుపిండి, మొదటి దఫా నాలుగింటికీ ఒకటే. చిరుపొట్ట (కంకి మొదలయ్యే) దశలో మాత్రం ఒకదానికి మామూలు యూరియా చల్లాలి. రెండోదానికి నానో పిచికారీ. మూడోదానికి మామూలు యూరియానే 2 శాతం ద్రావణం చేసి పిచికారీ. నాలుగోదానికి ఏమీ వద్దు. కోత మిషన్ దించకముందే ఒక్కో ముక్క నడుమ నాలుగు చోట్ల చదరపు మీటరు చొప్పున కొడవలితో కోసి, కొట్టి, ఆరబెట్టి తూకం వేయండి. గట్టు పక్క వరుసలు కోయొద్దు, అక్కడ ఎండ, గాలి ఎక్కువ తగిలి గింజ ఎక్కువ వస్తుంది. రెండో ముక్క, నాలుగో ముక్కల తూకం ఒకటైతే సీసా చేసిందేమీ లేదని మీకే తెలుస్తుంది.

మరి ఏం చేయాలి?

వరికి 40 కిలోల నత్రజని లెక్కన: దమ్ములో ఒక బస్తా డీఏపీ (50 కిలోలు) వేస్తే 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం వచ్చేస్తాయి. దానితో పాటు 10 కిలోల యూరియా. పిలకల దశలో 29 కిలోలు, చిరుపొట్ట దశలో 29 కిలోలు. మొత్తం 68 కిలోలు, అంటే బస్తాన్నర. మూడు బస్తాలు పోసే పొలంలో ఇలా చేస్తే బస్తాన్నర మిగులుతుంది. యూరియా ఆదా చేయడానికి ఏ సీసా అక్కరలేదు.

చల్లే తీరుతోనే చాలా నష్టం ఆగుతుంది. నీళ్ళు నిండా నిలబడ్డ మడిలో యూరియా చల్లితే అది నీళ్ళలో కరిగి పైనే ఉంటుంది, ఎండకు అమ్మోనియాగా ఆవిరైపోతుంది. మడిలో నీళ్ళు తీసి, బురద పదును మీద చల్లి, ఒకటిన్నర, రెండు రోజుల తర్వాత నీళ్ళు పెట్టాలి. కాలువ కింద వంతులో నీళ్ళు తీసేయడానికి మనసొప్పదు, నిజమే. అలాంటప్పుడు వంతు ముగిసి మడి పలచబడ్డ రోజు చూసి చల్లండి. 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండిగానీ, 250 కిలోల తేమ మట్టిగానీ కలిపి రెండు రోజులుంచి చల్లితే మరింత నిలుస్తుంది. ఇప్పుడు వచ్చే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది కానీ ఆ పూత పలచన, మడి నీళ్ళలో దాని మీదే ఆధారపడలేం.

చివరి దఫా అవసరమా కాదా అన్నదానికి ఆకు రంగు పట్టిక ఉంది. నాటిన రెండు వారాల నుంచి పూత దాకా పది రోజులకోసారి, పొలంలో అక్కడక్కడ పది దుబ్బులు చూసి, పైన పూర్తిగా విప్పుకున్న ఆకును పట్టిక మీద పెట్టాలి. మన నీడ ఆకు మీద పడేలా నిలబడాలి, ఎండలో రంగు తప్పు కనిపిస్తుంది. నాటు వరికి మామూలుగా 4వ గడి, వెదజల్లిన వరికి 3వ గడి కొలత. పదింటిలో ఆరు ఆకులు దానికంటే లేతగా ఉంటే ఎకరాకు 20–25 కిలోల యూరియా చల్లాలి. లేకపోతే ఆగండి. పట్టిక కోసం మీ రైతు వేదికలో ఏఈవోను (వ్యవసాయ విస్తరణాధికారిని) అడగండి.

పత్తి సంగతి వేరు. చెల్కలో బెట్ట పడ్డప్పుడు నేలలో యూరియా వేసినా వేరు తీసుకోలేదు. ఆకు మీద పిచికారీ నిజంగా పని చేసే సందర్భం ఇదే. దానికి కూడా మామూలు యూరియానే చాలు. 2 శాతం అంటే లీటరుకు 20 గ్రాములు, 16 లీటర్ల ట్యాంకుకు 320 గ్రాములు. ఎకరాకు 200 లీటర్లు కొడితే 4 కిలోల యూరియా పడుతుంది, నత్రజని 1.84 కిలోలు. నానో సీసాలో ఉన్నదానికి తొంభై రెట్లు. ఖర్చు చూస్తే, బస్తా 266 రూపాయల 50 పైసల లెక్కన 4 కిలోలకు 24 రూపాయలు. సీసా 225 రూపాయలు. పిచికారీ కూలి రెండింటికీ ఒకటే. యూరియా కరిగేటప్పుడు నీళ్ళు చల్లబడి కరగడం నెమ్మదిస్తుంది, కాసేపు ఆగి, బట్టలో వడపోసి ట్యాంకులో పోయండి, లేకపోతే నాజిల్ మూసుకుంటుంది. కలిపిన రోజే కొట్టేయండి. ఎండవేళ వద్దు, ఆకు అంచులు మాడతాయి. లేత చేనుకు లీటరుకు 10 గ్రాములతో మొదలుపెట్టండి. పూత, కాయ దశలో 13-0-45 (పొటాషియం నైట్రేట్) లీటరుకు 10 గ్రాములు కొడితే పొటాష్ కూడా అందుతుంది.

డ్రోన్‌తో కొట్టిస్తాం అనేవాళ్ళకు ఒక మాట. డ్రోన్ ఎకరాకు సుమారు 10 లీటర్లే చల్లుతుంది. 2 శాతం యూరియా కలిపితే 200 గ్రాముల యూరియా పడుతుంది, అది లెక్కలోకి రాదు. మరీ చిక్కగా కలిపితే ఆకు మాడుతుంది. డ్రోన్‌తో పురుగుమందు కొట్టొచ్చు, నత్రజని ఇవ్వలేం. నానో సీసాను డ్రోన్‌కు జోడించి చెప్పే ప్రచారంలో ఈ లెక్క ఎక్కడా వినపడదు.

ఇప్పటికే సీసా చేతిలో ఉంటే పారేయకండి, పైరుకు హాని చేయదు. సీసాను బాగా ఊపి, లీటరుకు 4 మి.లీ. చొప్పున ఎకరాకు 125 లీటర్లలో పురుగుమందుతో పాటే కొట్టేయండి, వేరే కూలి పెట్టొద్దు. కలిపే ముందు చిన్న గ్లాసులో రెండూ కొద్దిగా కలిపి అరగంట చూడండి. అడుగున పేరుకున్నా, గడ్డకట్టినా కలపొద్దు. దాన్ని నమ్మి యూరియా దఫా మాత్రం ఆపకండి.

అంటగట్టడం విషయానికొస్తే, యూరియా కావాలంటే ఇంకోటి కొనాల్సిందే అనే అధికారం దుకాణానికి లేదు. 2025 జూలైలో కేంద్ర వ్యవసాయ మంత్రి నానో ఎరువులను బలవంతంగా అంటగట్టడం ఆపాలని అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. ఆ వానకాలంలోనే మన దగ్గర యూరియా కోసం చెప్పులు, పట్టా పాసుపుస్తకాలు క్యూలో పెట్టుకుని రాత్రుళ్ళు కూర్చున్నారు. అలాంటి రోజుల్లో రైతు ఎదురు చెప్పలేడని తెలిసే అంటగడతారు, అది అన్యాయం. బిల్లులో సీసా వేరుగా రాయించుకోండి, ఆ బిల్లుతో మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నోటిమాట ఫిర్యాదుకు విలువ ఉండదు.

నానో డీఏపీ గురించి మీరు అడగలేదు కానీ అదీ వస్తుంది, కాబట్టి రెండు మాటలు. సీసాలో నత్రజని 8, భాస్వరం 16 శాతం. 500 మి.లీ.లో భాస్వరం 80 గ్రాములు, బస్తాలో 23 కిలోలు. పైగా భాస్వరం కావాల్సింది వేరు పుట్టే మొదటి రోజుల్లో, అప్పుడు పిచికారీ చేయడానికి ఆకే ఉండదు. అయితే ఏళ్ళ తరబడి డీఏపీ పోసిన కాలువ మడుల్లో భాస్వరం పేరుకుని ఉంటుంది. అక్కడ డీఏపీ ఆపినా ఒకటి రెండు పంటలు నష్టం తెలియదు. మట్టి పరీక్ష చేయించి భాస్వరం ఎక్కువని తేలితే డీఏపీ తగ్గించండి, ఆ నత్రజనిని యూరియాతో ఇవ్వండి.

సూక్ష్మపోషకాల దగ్గర మాత్రం లెక్క మారుతుంది. 25 క్వింటాళ్ళ వడ్లలో వెళ్ళే జింక్ 50 గ్రాముల చుట్టూ ఉంటుంది. అవసరమే గ్రాముల్లో ఉన్న చోట పిచికారీకి అర్థముంది, నానో జింక్ పని చేసినా ఆశ్చర్యం లేదు. కానీ జింక్ సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు, ఎకరాకు 200 లీటర్లు కొడితేనే 80 గ్రాములకు పైగా జింక్ పడుతుంది. చవకైనది సరిపోతున్నప్పుడు ఖరీదైనది ఎందుకు?

నానో టెక్నాలజీ ఉత్త మాటా?

కాదు. ఇక్కడే చాలామంది ఒక తప్పు నుంచి ఇంకో తప్పులోకి పోతున్నారు. సీసా పని చేయలేదు కాబట్టి నానో అంతా మోసం అనుకోవడం కూడా తప్పే.

పదార్థాన్ని చిన్న ముక్కలు చేస్తే దాని పైభాగం పెరుగుతుంది. ఒక సెంటీమీటరు ఘనం ముక్క తీసుకోండి, చుట్టూ ఉన్న పైభాగం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 నానోమీటర్ల ఘనాలుగా కోస్తే మొత్తం పైభాగం 600 చదరపు మీటర్లు అవుతుంది, దాదాపు ఆరు గుంటల జాగా. తూకం మాత్రం ఒక్క గ్రాము కూడా పెరగలేదు. కాబట్టి పని పైభాగంలో జరిగే చోట, లేదా కొద్దిపాటి పదార్థమే చాలిన చోట నానో అద్భుతంగా పని చేస్తుంది. రసాయన చర్యలను వేగం చేసే ఉత్ప్రేరకాలు, మందును కణం దాకా మోసుకెళ్ళే కొవ్వు బుడగలు, టీవీల్లో రంగులిచ్చే క్వాంటమ్ డాట్స్ అలాంటివి. కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలను ఒంట్లోకి చేర్చింది వంద నానోమీటర్ల లోపు కొవ్వు రేణువులే. క్వాంటమ్ డాట్స్‌కు 2023లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. తూకంతో జరిగే పనికి, అంటే పైరుకు తిండి పెట్టడానికి, సైజు ఎంత తగ్గించినా లాభం లేదు.

నిజమైన నానో రంగంలోనూ పేరు ఒకటి, వస్తువు ఒకటి అవుతుంటుంది. ఫోన్లో చిప్ "3 నానోమీటర్లు" అంటారు, అది ఆ తరానికి పెట్టిన పేరు. చిప్ లోపలి ఏదో ఒక భాగం అసలు కొలత కాదు. కానీ ఆ చిప్ నిజంగా పని చేస్తుంది, ఎందుకంటే దాని వేగాన్ని కొలిచి అమ్ముతారు. ఎరువు విషయంలో కొలిచి చూపించమనే అడుగుతున్నాం.

ఇక ఫిల్టర్. మన జిల్లాలో ఈ విషయం ఆషామాషీ కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిన మనుషులను చూసిన వాళ్ళకు చెప్పక్కర్లేదు.

నీటి శుద్ధిలో నానోకు మంచి పేరే ఉంది. ఐఐటీ మద్రాసులో తయారైన ఇనుప ఆక్సైడ్ నానో పదార్థం బెంగాల్ వైపు నీళ్ళలో ఆర్సెనిక్ తీయడానికి వాడుతున్నారు. వెండి నానో రేణువులు క్రిములను చంపుతాయి, 2009లో వచ్చిన టాటా స్వచ్ఛ్ ఫిల్టర్‌లో ఊక బూడిద మీద వెండి రేణువులు పెట్టింది అందుకే. కానీ వెండి ఫ్లోరైడ్‌ను ముట్టుకోదు. నానో సిల్వర్ అని రాసి ఉన్న క్యాండిల్‌ను ఫ్లోరైడ్‌కు అమ్మితే అది పని చేయని వస్తువు. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే: లోపలున్న పదార్థం ఏది, అది ఫ్లోరైడ్ పట్టేదా, క్రిములను చంపేదా?

ఫ్లోరైడ్ పట్టే పదార్థమే ఉందనుకున్నా మళ్ళీ తూకం లెక్కే. ఇంట్లో తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు. బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉంటే, దాన్ని 1కి దించాలంటే రోజుకు 60 మిల్లీగ్రాములు తీయాలి. ఏడాదికి దాదాపు 22 గ్రాములు. ఇందుకు వాడే యాక్టివేటెడ్ అల్యూమినా కాస్త పులుపు నీళ్ళలో, పీహెచ్ 5.5–6.5 దగ్గర బాగా పట్టుకుంటుంది. మన బోరు నీళ్ళ పీహెచ్ 7.5 నుంచి 8, పైగా బైకార్బోనేట్ ఎక్కువ, అది ఫ్లోరైడ్‌తో పోటీపడి జాగా ఆక్రమిస్తుంది. ఆ స్థితిలో గ్రాముకు ఒకటి రెండు మిల్లీగ్రాములు పట్టడమే గొప్ప. ఫిల్టర్ లోపల పెట్టే గుళిక (కాట్రిడ్జ్) 300 గ్రాములదైతే 600 మిల్లీగ్రాములు, పది రోజుల్లో నిండిపోతుంది. నానో పదార్థం దానికి ఐదింతలు పట్టిందనుకున్నా యాభై రోజులు. ఆ తర్వాత నీళ్ళు గుళికలోంచి అలాగే దిగుతాయి, రంగు, రుచి, వాసన ఏమీ మారవు. ఫిల్టర్ పని చేస్తుందనుకుని పిల్లలకు అవే నీళ్ళు పడతాం. ప్రమాదం అక్కడుంది.

అమ్మేవాళ్ళు టీడీఎస్ మీటర్ పెట్టి అంకె తగ్గింది చూడండంటారు. టీడీఎస్ మీటర్ నీళ్ళలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది, ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు. 800 టీడీఎస్ నీళ్ళలో నాలుగు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నా లేకపోయినా దాని అంకె మారినట్టు తెలియదు. కాచి తాగితే పోతుందనేవాళ్ళూ ఉన్నారు. కాచితే నీళ్ళు తగ్గి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో ఫ్లోరైడ్‌ను 90 శాతం దాకా తీస్తుంది. పొర పాతబడితే అది కూడా తగ్గుతుంది, కాబట్టి ఆర్వో నీళ్ళు కూడా ఏడాదికోసారి పరీక్షించాలి. వృథాగా వదిలే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువుంటుంది, దాన్ని పశువుల తొట్టిలో పోయొద్దు.

ఇంటికి మిషన్ భగీరథ నల్లా ఉంటే తాగడానికి, వంటకు ఆ కృష్ణా నీళ్ళే వాడండి. బోరు నీళ్ళు గిన్నెలకు, బట్టలకు, పశువుల కొట్టం కడగడానికి. ఇంతకంటే చవకైన, ఖాయమైన ఫిల్టర్ లేదు. నల్లా రాని రోజుల కోసం రెండు డ్రమ్ములు మూతపెట్టి నిల్వ చేసుకోండి.

బోరు నీళ్ళు తప్పనిసరైతే ఏ ఫిల్టరైనా కొనే ముందు, బిగించాక, నెల తర్వాత మూడుసార్లు పరీక్ష చేయించాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో ఫ్లోరైడ్ పరీక్ష చేస్తారు. నమూనా ప్లాస్టిక్ సీసాలోనే తీసుకెళ్ళండి, గాజు సీసా వద్దు, గాజుతో ఫ్లోరైడ్ కలుస్తుంది. బోరు పది నిమిషాలు పోయనిచ్చి, సీసాను అదే నీళ్ళతో మూడుసార్లు కడిగి నిండుగా పట్టండి. సీసా మీద బోరు పేరు, తేదీ, ఫిల్టర్‌కు ముందా తర్వాతా అన్నది రాయండి. రిపోర్టులో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే మంచి నీళ్ళు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. వేసవిలో బోరు మట్టం దిగినప్పుడు ఫ్లోరైడ్ మారుతుంది కాబట్టి ఏప్రిల్, మేలో తీసిన నమూనాను లెక్కలోకి తీసుకోండి, వానల తర్వాత తీసినదాన్ని కాదు.